మకకిలో వాలు మీద పసుపు మందారం: ప్రాజెక్టు డైరీ

ఆగస్టు

ఇంటి వెనక వాలు సంగతి ఈ ఏడాది తేల్చేయాలని మా ఆవిడా నేనూ అనుకున్నాం. మేముండేది మకకిలో అనే ఊళ్లో. హవాయి దీవుల్లో ఓవాహు మీద, వైయనాయె కొండల దక్షిణపు కొసన ఉంటుంది. దీవికి ఇది గాలిమరుగు వైపు. ఈశాన్యపు మబ్బులు అవతలి కొండల మీదే కురిసేసి, మా దాకా వచ్చేసరికి తేలిపోతాయి. ఇదే దీవిలో మానోవా లోయ పైభాగంలో ఏడాదికి 150 అంగుళాలు దాటి వాన పడుతుంది. మాకు అందులో ఏడో వంతు పడితే ఆ ఏడు మంచి ఏడే. ఎండాకాలంలో వాలంతా మనిషెత్తు ఎండుగడ్డి. దాని మధ్యలో సుబాబుల్ పొదలు.

అక్కడ నాటాలనుకుంటున్నది ఈ నేలదే అయిన మందారం. హవాయి వాళ్లు మఓ హౌ హెలె అంటారు, శాస్త్రీయ నామం హైబిస్కస్ బ్రాకెన్‌రిడ్జీ. పసుపు రంగు పువ్వు, చాలా మొక్కల్లో మధ్యన ముదురు ఎరుపు మచ్చ. ప్రపంచం మొత్తంలో ఇది సహజంగా పెరిగేది ఈ దీవుల్లోనే, అదీ పొడి కొండవాలుల్లో. 1988లో దీన్ని రాష్ట్ర పుష్పంగా ప్రకటించారు. ఆరేళ్ల తర్వాత 1994లో అమెరికా కేంద్ర ప్రభుత్వం అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చింది. 1923 నుంచీ హవాయికి గుర్తు మందారమే గానీ, ఏ మందారమో చెప్పలేదు. అందుకే పోస్టుకార్డుల మీద, చొక్కాల మీద ఎర్ర మందారం కనిపిస్తుంది. అది మన పెరళ్లలో ఉండే రకమే, బయటి నుంచి వచ్చింది. ఇక్కడ చాలామంది తమ రాష్ట్ర పుష్పాన్ని మొక్క మీద ఒక్కసారి కూడా చూడలేదు. ఈ పని మొదలుపెట్టడానికి నాకు పెద్ద కారణం ఇదే.

రక్షిత జాతి కాబట్టి కొండమీద నుంచి ఆకు కూడా తేకూడదు. పోయినేడు లైసెన్సు ఉన్న నర్సరీలో ట్యాగ్‌తో సహా ఒక మొక్క కొన్నాం. వాకిట్లో కుండీలో ఉంది. ఈ వసంతంలో పూసి కాయలు కాసింది. కాయ బొటనవేలి గోరంత ఉంటుంది, ఒంటినిండా గరుకు నూగు. చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకుంటే ఆ నూగు చర్మంలో దిగి సాయంత్రం దాకా దురద పెడుతుంది. లేత కొమ్మలూ అంతే. విత్తనాలు కాగితం కవర్లో పెట్టి, కవరు మీద తల్లిమొక్క ట్యాగ్ నంబరు రాశాం.

సెప్టెంబరు

ఈ నెలంతా గడ్డితోనే సరిపోయింది. మొక్కల ప్రాజెక్టు అని పేరే గానీ, ఇప్పటిదాకా చేసింది గడ్డి ప్రాజెక్టు.

ఇది గినీ గడ్డి. మన పాడి రైతులకు బాగా తెలిసిన మేత. కోసేకొద్దీ ఎదుగుతుందని గేదెలకు వేసుకుంటాం. ఆఫ్రికా నుంచి దీన్ని ఇక్కడికీ పశువుల కోసమే తెచ్చారు. చెరకు తోటలూ పశువుల బీళ్లూ మూతపడ్డాక కోసేవాడు లేడు, మేసేది లేదు. వానాకాలంలో ఏపుగా లేచి, మే నెల దాటితే నిలువునా ఎండిపోతుంది. నిప్పు తగిలితే క్షణాల్లో అంటుకుంటుంది. మంట పోయాక దుబ్బు వేళ్లలోంచి మళ్లీ చిగురేసేది కూడా ముందు ఇదే. ఇక్కడి మొక్కలు లక్షల ఏళ్లు నిప్పు పెద్దగా ఎరగని చోట పెరిగాయి. కాలిన చోట అవి తిరిగొచ్చేలోపు గడ్డి కమ్మేస్తుంది. మళ్లీ ఎండుతుంది, మళ్లీ కాలుతుంది. ప్రతిసారీ గడ్డి ఇంకొంచెం ముందుకు జరుగుతుంది, అడవి ఇంకొంచెం వెనక్కి పోతుంది.

పైపైన కోస్తే లాభం లేదు. వాన పడ్డ మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు గడ్డపారతో దుబ్బు కింద నుంచి ఎత్తి, మట్టి దులిపి, వేళ్లు ఎండకు పైకి ఉండేలా బోర్లించాలి. కంకి పట్టిన గడ్డిని అక్కడే వదలకుండా సంచుల్లో కట్టి పంపించేశాం.

సుబాబుల్‌కి మా నాన్న సలహా అడిగాను. మాది నందిగామ పక్కన పల్లెటూరు, పేపరు మిల్లుల కోసం ఇంట్లో ఏళ్ల తరబడి సుబాబుల్ వేశారు. "నరికితే చావదురా అది. మోడు మీద పది చిగుళ్లేస్తది. అందుకే గదా మేం వేసుకుంది," అన్నారు. నిజమే. ఒకసారి నాటితే చాలు, కొట్టిన ప్రతిసారీ మళ్లీ పెరుగుతుందనే అక్కడి రైతులకు దాని మీద మక్కువ. ఇంకో సంగతి చెబితే నాన్న ఆశ్చర్యపోయారు. మన దేశంలో నాటిన పొడుగు రకాల్లో కె-8 లాంటివి హవాయి విశ్వవిద్యాలయం ఎంపిక చేసి పంపినవే. చెట్టు స్వస్థలం మెక్సికో వైపు. ఇక్కడ మాత్రం పొట్టి, గుబురు రకం వాలులన్నీ ఆక్రమించింది, కాయ పగిలితే గింజలు కుప్పలుగా రాలతాయి. మా వాలు మీద చిన్నవి వేళ్లతో సహా పీకాం. పెద్దవి నేలకు సమంగా కొట్టి, కోత మీద వెంటనే మందు పూశాం. మట్టిలో ఉన్న గింజలు ఇంకా కొన్నేళ్లపాటు మొలుస్తూనే ఉంటాయి, వచ్చినవి వచ్చినట్టు పీకడమే.

అక్టోబరు

విత్తనాలు పెట్టాం.

వీటి పైతొక్క చాలా గట్టిది. ఊరికే మట్టిలో వేస్తే నీళ్లు లోపలికి పోవు, కొన్ని నెలలకు గానీ మొలవవు, కొన్ని అసలు మొలవవు. అందుకని గింజకు గాటు పెట్టాలి. నెయిల్ కట్టర్ బాగా పనికొస్తుంది. గింజ చిన్న బీన్స్ గింజ ఆకారంలో ఉంటుంది, ఒక పక్క నొక్కుపడ్డట్టు లోపలికి వంగి ఉంటుంది. మొలక వచ్చేది ఆ నొక్కు దగ్గరే, దాని జోలికి పోకూడదు. ఎదురు పక్కన, గుండ్రంగా ఉన్న వీపు మీద కొద్దిగా గిల్లాలి. గోధుమరంగు తొక్క ఊడి లోపల తెల్లటి చుక్క కనబడగానే ఆపేయాలి. తర్వాత గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా ఉంచాం. పొద్దున చూస్తే గాటు పడ్డవి ఉబ్బి రెట్టింపు అయ్యాయి. పరీక్ష కోసం గాటు పెట్టకుండా వేసిన కొన్ని గట్టిగా అలాగే ఉన్నాయి.

మట్టి తేలిగ్గా ఉండాలి. సగం పాటింగ్ మిక్స్, సగం సిండర్. సిండర్ అంటే అగ్నిపర్వతపు నల్ల గుల్లరాయి, ఇక్కడ సంచుల్లో అమ్ముతారు. నీళ్లు నిలిస్తే ఈ మందారానికి వేరుకుళ్లు ఖాయం. చిన్న ట్రేలలో వేలి గోరంత లోతున పెట్టి, ఎండ తగిలే చోట ఉంచాం.

వారం గడిచేలోపే మొదటి మొలకలు వంకీల్లా పైకొచ్చాయి. తర్వాత వాటంతట అవే నిటారుగా లేచాయి. గాటు పెట్టని గింజల ట్రేలో ఏమీ లేదు.

నవంబరు

మొలక ఆకుల తర్వాత అసలు ఆకులు వచ్చాయి. మందారం ఆకులా నున్నగా ఉండవు, బెండాకుల్లా చీలి ఉంటాయి. పెద్ద కుండీల్లోకి మార్చాం. వేళ్లను కదపకుండా మట్టిముద్దతో సహా ఎత్తాలి.

ఇంకో పని, వాలు మీద పరచడానికి చెత్తపొర. తీసిన సుబాబుల్ కొమ్మల్ని ఎక్కడికక్కడే ముక్కలు చేసి పరిచాం, బయటి నుంచి కంపోస్టు గానీ చెక్కపొట్టు గానీ తేలేదు. కారణం కొమ్ము పురుగు. కోనసీమ కొబ్బరి రైతులకు దాని సంగతి చెప్పక్కర్లేదు. 2013లో మొదటిసారి ఓవాహు మీద కనబడింది. కుళ్లుతున్న చెత్తలో గుడ్లు పెడుతుంది కాబట్టి ఎరువు, చెక్కపొట్టు ఒక చోటి నుంచి ఇంకో చోటికి తీసుకెళ్లడం మీద ఆంక్షలున్నాయి. మా పొర కూడా పలచగానే వేశాం, కుప్ప పడనివ్వలేదు.

జనవరి

వాలు మీద నాటాం. వానలు సర్దుకున్న కాలం, ఎండాకాలం వచ్చేలోపు వేళ్లు దిగడానికి టైం ఉంటుంది.

వాలు కాబట్టి ప్రతి మొక్కకీ పై పక్కన అర్ధచంద్రంలా పాదు తీశాం, నీళ్లు నిలవకుండా పక్కనుంచి జారిపోయేలా. పై వరుసలో ఐలిమ పెట్టాం. ఇది తంగేడు పువ్వంత చిన్న పసుపు పువ్వులు పూసే పొద, ఇక్కడిదే. కింది వరుసలో ఇక్కడి పత్తి కూడా కొన్ని పెట్టాం. అదీ మందారం కుటుంబమే. ఎండకు, ఉప్పుగాలికి ఓర్చుకునే మొక్క. ఒక్క జాతినే వరసగా పెట్టి తోటలా చేయడం నాకు నచ్చలేదు. ఒకప్పుడు ఈ వాలు మీద ఇవన్నీ కలిసే ఉండేవి.

డ్రిప్ పైపు వేశాం గానీ మొదటి ఏడాదికే. తర్వాత తీసేస్తాం.

ఫిబ్రవరి

ఆకులు జల్లెడ అయిపోయాయి.

పగలు ఎంత వెతికినా పురుగు కనబడదు. రాత్రి టార్చి వేసి చూస్తే ఒక్కో ఆకు మీద మూడు, నాలుగు పెంకు పురుగులు. గోధుమ రంగు, కందిగింజ కన్నా కొంచెం పెద్దవి. చైనీస్ రోజ్ బీటిల్ అంటారు. 19వ శతాబ్దం చివర్లో ఆసియా నుంచి ఈ దీవుల్లో దిగింది. పొద్దుగూకిన అరగంటకి మట్టిలోంచి లేచి వస్తుంది. ఈనెలు వదిలేసి వాటి మధ్యన పచ్చనిదంతా తినేస్తుంది. ముదురు మొక్క తట్టుకుంటుంది, నారు మొక్క తట్టుకోలేదు. రెండు మొక్కలు ఆకన్నదే లేకుండా మోడులయ్యాయి. చాలా బాధనిపించింది.

ఇక్కడి విశ్వవిద్యాలయం వ్యవసాయ విభాగం చెప్పిన ఉపాయం మందు కాదు, వెలుతురు. ఈ పురుగు వెలుతురు పడే ఆకుల మీద వాలదు. చీకటి పడేటప్పుడు కొన్ని గంటలు లైటు ఉంటే చాలు. సోలార్ దీపాలు మొక్కకొకటి చొప్పున పాతాం. నమ్మకం లేక కొన్నిటికి పెట్టకుండా వదిలి చూశాను. తేడా మర్నాడు పొద్దునకే తెలిసిపోయింది. దీపం ఉన్న మొక్కల మీద కొత్త చిల్లులు దాదాపు లేవు. మిగతావాటికీ తెచ్చి పెట్టాం. ఆకు పోయిన రెంటిలో ఒకటి మొదలు దగ్గర చిగురేసింది, రెండోది పోయింది.

ఏప్రిల్

వాలంటీరు పనికి వైయనాయె కొండల ఉత్తరపు వైపు వెళ్లాను. మమ్మల్ని తీసుకెళ్లే పెద్దాయన్ని అందరం అంకుల్ అంటాం. ఇక్కడ పెద్దవాళ్లని అంకుల్, ఆంటీ అనే పిలుస్తారు. పేరు పెట్టి పిలవడం నాకు ఎలాగూ నోరు రాదు కాబట్టి ఆ పద్ధతి హాయిగా ఉంది. పని మళ్లీ గినీ గడ్డే. కంచె లోపల ఒక మందారం గుంపు చుట్టూ గడ్డి తీసి, మంట దాటకుండా వెడల్పాటి ఫైర్ లైన్ చేయడం.

కంచె అవతల గడ్డి, ఇవతల మందారం. ఫొటోల్లో చూడటం వేరు. కొండమీద ఆ మొక్క మా పెరట్లో దానిలా గుబురుగా ఉండదు. సన్నటి మాను, బూడిదరంగు బెరడు, పైన నాలుగు కొమ్మలు, మూడు మనుషుల ఎత్తు. దాని చుట్టూ మోకాళ్ల మీద కూర్చుని గడ్డి పీకాం. నేల మీద దాని పిల్లలు మూడు, వేలెడంత ఎత్తున. వాటిని తొక్కకుండా ఉండటానికి అంకుల్ రంగు జెండాలు పాతారు.

ఈ వైపు కొండల్లో ఉన్నది మోకులెయానస్ అనే ఉపజాతి. మావి, లనాయి అనే దీవుల మీద, పెద్ద దీవి అనే హవాయి దీవి మీద ఉన్నవి వేరు ఉపజాతి. ఇంకోటి మొలొకాయి దీవి పేరు మీద ఉంది. కొండమీద నాటే ప్రతి మొక్కకీ దాని తల్లి ఏ లోయదో లెక్క ఉండాలి. మానోవాలోని లయన్ ఆర్బొరేటంలో విత్తనాల బ్యాంకు ఉంది, ఇలాంటి అరుదైన మొక్కల గింజలు లోయలవారీగా దాస్తారు. సైన్యం భూముల్లో ఉన్న గుంపుల్ని సైన్యం తరఫున పనిచేసే వృక్షశాస్త్రజ్ఞులే చూసుకుంటారు. మా పెరటి మొక్కలు ఎంత బాగా పెరిగినా వాటిలో ఒక్కటి కూడా కొండకు రాకూడదు. ఉపజాతులు కలిసిపోతే మళ్లీ విడదీయలేం, పైగా కుండీ మట్టిలో చీమలూ నల్లులూ వెంట వస్తాయి. దీని మీద అంకుల్ చాలా ఖచ్చితం. ఎక్కే ముందు బూట్ల అరికాళ్లు బ్రష్‌తో తోమించి గానీ కదలనివ్వలేదు.

భోజనాల దగ్గర కంచె ఎందుకనే మాట వచ్చింది. మనుషులు రాకముందు ఈ దీవుల్లో నేలమీద తిరిగే క్షీరదమే లేదు, గబ్బిలం ఒక్కటే. 1778లో కెప్టెన్ కుక్ మేకల్ని దించాడు. 1793లో వాంకూవర్ పశువుల్ని తెచ్చాడు. 1860ల్లో ఐదో కమెహమెహ రాజుకు హాంకాంగ్ నుంచి కానుకగా జింకలు వచ్చాయి. అవి మన చుక్కల జింకలు, ఇండియావి. 1868లో మొలొకాయి మీద వదిలారు. తర్వాత లనాయికి, 1959లో మావికి చేరాయి. ఇప్పుడు వేల సంఖ్యలో ఉన్నాయి, ఆ దీవుల మీద పసుపు మందారం లేత చిగుళ్లు తినేవాటిలో ఇవీ ఉన్నాయి. మన అడవుల్లో వాటి వెనక పులి, రేచుకుక్క ఉంటాయి. ఇక్కడ వాటి వెనక ఎవరూ లేరు. నేను ఇండియా అని తెలిసి అంకుల్ అడిగారు, మీ దగ్గర అవి అడవిని ఇలాగే తినేస్తాయా అని. తినవు అంకుల్, వాటిని తినేవి కూడా ఉన్నాయి అని చెప్పాను. ఆయన చాలాసేపు పులుల గురించి అడిగారు.

గినీ గడ్డి, సుబాబుల్, చుక్కల జింక, ముంగిస. ముంగిసను 1883లో చెరకు తోటల్లో ఎలకల కోసం తెచ్చారు, అది పక్షుల గుడ్లు తింటోంది. నాకు చిన్నప్పటి నుంచీ తెలిసినవన్నీ ఇక్కడ ఈ మొక్కకీ దాని చుట్టూ ఉన్నవాటికీ ముప్పుగా ఉన్నాయి. వాటి తప్పేం లేదు. తెచ్చినవాళ్లు తమ అవసరం చూసుకున్నారు, ఈ నేల ఏం తట్టుకుంటుందో చూసుకోలేదు.

జూన్

ఎండలు ముదిరాయి. డ్రిప్ వారానికి రెండుసార్లు మాత్రమే. మొక్కలు నా భుజం దాటాయి, ఇంత వేగంగా పెరుగుతాయనుకోలేదు.

జులై

ఎదురు వాలు మీద గడ్డి అంటుకుంది. మధ్యాహ్నం వాసన వచ్చింది, బయటికొచ్చి చూసేసరికి పొగ. ఫైరింజన్లు, హెలికాప్టరు నీళ్లు చల్లడం, రోడ్డు మూసేయడం. చీకటి పడేలోపు అదుపులోకి వచ్చింది, మా వైపు రాలేదు. కానీ ఆ సాయంత్రం అంతా టెన్షన్‌గానే గడిచింది. డాక్యుమెంట్లూ పాస్‌పోర్టులూ కారులో పెట్టుకుని కూర్చున్నాం. 2023 ఆగస్టులో మావిలోని లహైనా పట్నం కాలిపోయి వందమందికి పైగా చనిపోయాక ఇక్కడ పొగ వాసన వస్తే ఎవరూ తేలిగ్గా తీసుకోరు. అక్కడా పట్నం చుట్టూ వదిలేసిన చెరకు భూముల్లో ఉన్నది ఇలాంటి ఎండుగడ్డే.

అంకుల్ ఫోన్ చేసి ఎలా ఉన్నారని అడిగారు. 2007లో వైయలువా వైపు కొండ కాలినప్పుడు తమ కళ్లముందే మోకులెయానస్ గుంపులు మంటల్లో పోయాయని చెప్పారు. మొలొకాయి మీద కోకియా కుకియై అనే ఇంకో చెట్టు ఉండేది, అదీ మందారం కుటుంబమే. 1918 నాటికి అడవిలో ఒక్కటీ మిగల్లేదు. 1970లో ఒక ఇంటి ఆవరణలో ఒక్క చెట్టు దొరికింది. 1978లో అదీ కాలిపోయింది. అంతకుముందే ఒక కొమ్మ తీసి దాని బంధు జాతి మీద అంటు కట్టారు కాబట్టి ఆ అంట్లుగా జాతి ఇంకా బతికి ఉంది. సొంత వేళ్ల మీద నిలబడ్డ చెట్టు అడవిలో ఒక్కటి కూడా లేదు.

మర్నాడు మా వాలు కింద, హద్దు అవతల ఉన్న గడ్డి చూశాను. మా స్థలం కాదు. పక్కింటాయన ఇంట్లో లేరు. వచ్చాక మాట్లాడాలి.

సెప్టెంబరు చివర

ఆకులు పసుపై రాలుతున్నాయి. కొన్ని మొక్కలు పూర్తిగా మోడులు. మా ఆవిడ నీళ్లు పెంచుదామంది. కానీ పొడి కాలంలో ఆకు రాల్చడం ఈ మందారం స్వభావం. మన అడవుల్లో టేకు, మోదుగ చేసేదే ఇది. ఈ దశలో నీళ్లు ఎక్కువ పోస్తే నిద్రపోతున్న వేళ్లు కుళ్లుతాయి. గోటితో బెరడు గీకి చూశాం, లోపల పచ్చగా ఉంది. సగం మొక్కలకు డ్రిప్ మొత్తం ఆపేశాం. మిగతా సగానికి తగ్గించి ఉంచాం.

పక్కింటాయన వచ్చారు. గడ్డి సంగతి మాట్లాడాను. మనుషుల్ని పెట్టి కోయిస్తానన్నారు, దుబ్బులు తీయడానికి నేనూ వస్తానన్నాను.

డిసెంబరు

వానలు. మోడుల మీద చిగుళ్లు. డ్రిప్ పూర్తిగా ఆపినవి, తగ్గించినవి ఒకే వారంలో చిగురించాయి. కాబట్టి వచ్చే ఏడు పైపు అక్కర్లేదు, తీసేశాం.

ఇంతలో ఆకుల మీద చిన్న చిన్న బుడిపెలు, మొటిమల్లా, లోపల తెల్లటి నూగుతో. ఎరినియం నల్లి. కంటికి కనబడదు, బుడిపె లోపల కాపురం ఉంటుంది కాబట్టి పైన మందు చల్లితే తగలదు. ఇది మందారాల మీదనే బతుకుతుంది. వీధిలో కంచెలకి పెట్టుకున్న ఎర్ర మందారాల మీద కూడా చూశాను. బుడిపెలు వచ్చిన కొసలు కత్తిరించి, అక్కడే కవర్లో వేసి మూతి కట్టి చెత్తలో వేయడమే. ఒక మొక్క దగ్గర వాడిన కత్తెర ఇంకో మొక్క దగ్గరికి పోయే ముందు స్పిరిట్‌తో తుడిచాం. ఇది తీరిపోయే పని కాదని తెలుసు, కత్తిరించుకుంటూ ఉండాల్సిందే.

మార్చి

పూశాయి.

మన మందారం పొద్దున విచ్చుకుంటుంది. ఇది మధ్యాహ్నం దాటాక. భోజనానికి వెళ్లేటప్పుడు మొగ్గ చుట్టచుట్టుకుని ఉంది, అంచున పసుపు గీత ఒక్కటే కనబడుతోంది. మూడు గంటలకు వచ్చి చూస్తే ఐదు రేకులూ పరుచుకున్నాయి. పువ్వు నా అరచేయంత ఉంది. పసుపు అంటే ముద్దబంతి ముదురు కాదు, గుమ్మడి పువ్వు నారింజా కాదు, బీరపువ్వు కన్నా కొంచెం చిక్కన. రేకు మీద సన్నటి ఈనెలు పొడుగునా పరిగెడతాయి, మధ్యలో ముదురు ఎరుపు మచ్చ దగ్గర ఆగుతాయి. ఆ మచ్చలోంచి పసుపు కాడ లేస్తుంది, చుట్టూ పుప్పొడి తిత్తులు, కొసన ఐదుగా చీలిన కీలాగ్రం, ఒక్కో చీలిక తలమీద చిన్న గుండు. ఎర్ర మందారంలో కాడ పొడుగ్గా బయటికి వేలాడుతుంది, ఇందులో పొట్టిగా, రేకుల లోపలే ఉంటుంది. రాత్రంతా తెరిచే ఉండి, మర్నాడు పదకొండు దాటాక ముడుచుకోవడం మొదలుపెట్టింది.

1838 నుంచి 1842 దాకా పసిఫిక్ అంతా తిరిగిన అమెరికా అన్వేషక నౌకల్లో విలియం బ్రాకెన్‌రిడ్జ్ అనే స్కాట్లాండ్ తోటమాలి ఉన్నాడు. ఈ మొక్క శాస్త్రీయ నామంలో ఉన్న పేరు ఆయనదే. ఆసా గ్రే 1854లో దీన్ని వర్ణించాడు. ఆ కాలంలో పొడి కొండల్లో అడవి ఇంకా చాలా మిగిలి ఉండేది. వాళ్లు నడిచిన వాలులు ఎలా ఉండేవో చూడాలని ఆ సాయంత్రం నాకు చాలా ఆశగా అనిపించింది.

వీడియో కాల్లో ఇంటికి చూపించాను. "దేవుడికి పెట్టావా?" అంది అమ్మ. గింజ కట్టాలి కాబట్టి ఈ ఏడు ఒక్కటి కూడా కోయడం లేదని చెప్పాను. "పోన్లే, చెట్టు మీదే దణ్ణం పెట్టుకో," అంది. నాన్న నాలుగు గింజలు పంపమన్నారు. అంతరించే జాతి గింజలు అనుమతి లేకుండా దేశం దాటించకూడదు, అక్కడ దిగుమతికీ క్వారంటైన్ ఉంటుంది. పైగా ఇది అక్కడి నేలది కాదు. ఈ మాట వివరంగా చెప్పాను, నాన్న ఒప్పుకున్నారు.

తేనెటీగలు వస్తున్నాయి, అవీ బయటివే. ఈ దీవుల సొంత తేనెటీగలు హైలేయస్ జాతులు, ముఖం మీద పసుపు గుర్తు ఉండే చిన్న నల్లటి ఈగలు. వాటిలో ఏడు జాతుల్ని 2016లో అంతరించేవాటి జాబితాలో చేర్చారు. అమెరికాలో ఆ జాబితాకెక్కిన మొదటి తేనెటీగలు అవే. మా వీధిలో వాటిని ఇప్పటిదాకా చూడలేదు. కాయ తప్పకుండా కట్టాలని ఒక చెట్టు పుప్పొడి ఇంకో చెట్టు కీలాగ్రానికి మెత్తటి బ్రష్‌తో రాశాను.

మే

కాయలు ఎండాయి. పగిలేలోపే గ్లవ్స్ వేసుకుని కోశాం. చెట్టు చెట్టుకీ వేరే కవరు. బ్రష్‌తో పరాగసంపర్కం చేసిన వాటికి ఎర్ర గుర్తు. వాటిలో గింజలు నిండుగా ఉన్నాయి. వదిలేసిన వాటిలో కొన్ని తాలు.

ఈ మొక్క ఎక్కువ కాలం బతకదు, చాలావరకు పదేళ్లలోపే. అందుకని ఒకసారి నాటి చేతులు దులుపుకోవడానికి వీల్లేదు. ప్రతి అక్టోబరులో కొన్ని గింజలు పెట్టి, ముసలివి పోయేలోపు వాటి పక్కన పిల్లలు ఉండేలా చూసుకోవాలి. పూత అయిపోయిన కొమ్మల్ని మూడో వంతు దాకా కత్తిరించాం.

చెట్ల కింద నేలంతా వెతికాను, వాటంతట అవే మొలిచినవి ఏమైనా ఉన్నాయా అని. లేవు. సుబాబుల్ మొలకలు మాత్రం బోలెడు, అన్నీ పీకేశాం. వచ్చే వానాకాలంలో పొద కింద ఒక చోట చెత్తపొర తీసేసి, ఖాళీ మట్టి మీద కొన్ని గింజలు గాటు పెట్టకుండా వదిలి చూడాలి. మనిషి చెయ్యి లేకుండా ఇక్కడ ఒక్కటి మొలిచినా, ఈ వాలు దానికి సరిపడుతోందన్న నమ్మకం నాకు కుదురుతుంది.

పక్కింటాయన మాట నిలబెట్టుకున్నారు. హద్దు అవతల గడ్డి కోయించారు. శనివారం దుబ్బులు తీస్తున్నాం, ఆయన కొడుకులిద్దరూ వస్తామన్నారు. ఎండలు ముదిరేలోపు కింద రోడ్డు దాకా పూర్తి కావాలి.